రెండు సెకండ్ల పసుపు

అక్టోబర్ 3, 2011. సోమవారం

ఆఫీసు రిజిస్టర్ల రాయరాని ముచ్చట్లు షానా అయినయి. అందుకే గీ నోటుబుక్కు తెచ్చుకున్న. ఎవ్వలకో సూపియ్యడానికి కాదు. నెత్తిల గాయిగాయి అయితంది, కాయితం మీద పెడ్తెనన్న జర నిమ్మళమైతదేమో సూద్దాం.

పొద్దుగాల గల్లీ మొగదల బాలనర్సింహ మామ పట్టుకున్నడు. "ఏందిరా నాగేందర్, తెలంగాణ సమ్మెల అన్నీ బందువెట్టిన్రు, నువ్వేడికి పోతున్నవ్? అసలు నీ పనేందిరా?" అన్నడు.

"డబ్బా పైకి ఎక్కిస్త మామా, కిందికి ఇడుస్త."

"అటెన్క?"

"మల్ల ఎక్కిస్త."

మామ నన్ను పైకెంచి కిందికి సూసిండు. "గది గుడ ఒక పనేనారా!" అని ఉమ్మేసి పోయిండు.

నవ్వుకుంటనే వచ్చిన గని, ఆయన అన్నదాంట్ల తప్పేముంది? మూతబడ్డ నూలు మిల్లు నీళ్ళ ట్యాంకు టవర్ మాది. లోపల బోలుగ ఉంటది. ఇరవై మీటర్ల మీదికెంచి ఇనుప డబ్బా ఇడుస్తం, కింద ఇసుక బస్తాల మీద పడ్తది. పడేటప్పుడు రెండంటె రెండు సెకండ్లు డబ్బా లోపల దేనికీ బరువుండదు. రాకెట్ల పోయినోళ్ళకు దొరికేది మాకు నాచారంల దొరుకుతది, రెండు సెకండ్లే గని దొరుకుతది. గంతల తీగ కొసకున్న స్పిరిట్ సుక్క మండుతది. మంట కొస పైకి లేవదు, గోలీ లెక్క గుండ్రంగ, నీలంగ ఉంటది. కెమెరా పట్టుకుంటది. జనగామ పిల్ల హిమజ ఐదేండ్ల సంది గా మంట మీదనే పీహెచ్‌డీ చేస్తంది. ఆమె సుక్క పెడ్తది, నేను డబ్బా ఇడుస్త. గీ ఏడాది నలభై ఆరు డ్రాపులు అయినయి.

మధ్యాహ్నం బెంగుళూరు నుంచి మా ల్యాబ్ పెద్ద, హిమజ గైడు పరంధామయ్య సారు ఫోన్ చేసిండు. నవంబర్ 14న యూనివర్సిటీ కమిటీ వస్తదట. పోయినసారి ఆ ముగ్గురు అడిగింది ఒక్కటే: దీంట్ల కొత్తేముందమ్మా? గీసారి కొత్తది సూపియ్యకుంటె హిమజకు గడువు పొడిగియ్యరు. ఐదేండ్ల సదువు గాడికే ఖతం.

ఆమె ఫోన్ పెట్టేసి స్టూలు మీద కూసుంది. ఏడుస్తదేమోనని బుగులైంది. "అన్నా, బ్యాటరీలు చార్జింగ్ పెట్టినవా?" అన్నది. గంతే.

అక్టోబర్ 4

కరెంటు లేదు. బొగ్గు బంద్, కరెంటు బంద్, బస్సులు బంద్. వించ్ నడవకుంటె డబ్బా ఎక్కదు. పొద్దంత ఈగలు కొట్టుకుంట కూసున్నం. హిమజ సాయంత్రం ఊరికి పోయింది, పండుగకు.

అక్టోబర్ 5. బుధవారం

ఆయుధ పూజ చేసిన. సారు లేడు, హిమజ లేదు, నేనొక్కన్నే. వించ్‌కు, వైస్‌కు, డ్రిల్లుకు, స్పానర్లకు అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టిన. గేటు కాడ కొబ్బరికాయ కొట్టిన. డబ్బాకు పైన మూడు బొట్లు పెట్టిన.

పొద్దుగాల ఇంట్ల అవ్వ ఒక పొట్లం ఇచ్చింది. కొమురెల్లి మల్లన్న బండారి. పోయిన జాతరకు పోయినప్పుడు దేవుని కాడికెంచి తెచ్చిన పసుపు అది. అవ్వకు హిమజ తెలుసు, ఒకసారి ఇంటికొచ్చి సర్వపిండి తిన్నది. "గా పిల్ల ముఖం సూస్తె పాపమనిపిస్తది బిడ్డా. పైన పెడ్తె ఏమొస్తది? డబ్బా కడుపుల పెట్టు" అన్నది.

డబ్బా లోపట ఏం ముట్టొద్దు. గది రూలు. గ్లౌజులు లేకుండ చెయ్యి పెడ్తె సారు ఊకోడు. గని నలభై ఆరు సార్లు రూలు ప్రకారమే ఇడిసినం గదా, ఏమొచ్చింది? బ్యాటరీ పలక కింద సందు ఉంటది, ఎవ్వలకు కనవడదు. గాడ ఒక చిటికెడు చల్లిన. "మల్లన్నా, గీ పిల్లను గట్టెక్కియ్యి" అన్న.

అక్టోబర్ 6

దసరా. జమ్మి పెట్టుకున్నం. మటన్ మంచిగుండె.

అక్టోబర్ 8. శనివారం

ఇయ్యాల ఏమైందో సక్కగ రాస్త.

పొద్దుగాల డబ్బా పైన బొట్లు స్పిరిట్‌తోని తుడిసిన. లోపటి బండారి తుడవలే. దేవుని బండారిని మురికి గుడ్డతోని తుడిసి ఏడ పారేస్త? తొక్కుల పడొద్దు. పలక కిందనే ఉంటది, అదేమన్న పోతదా? చెక్‌లిస్టుల "లోపల శుభ్రం" అన్నకాడ టిక్కు పెట్టిన. ఎప్పుడు పెట్టేదే.

పదకొండింటికి కరెంటొచ్చింది. నలభై ఏడో డ్రాప్ ఇడిసినం. హిమజ మూత తీసి, మెమరీ కార్డు తీసుకపోయి కంప్యూటర్ల పెట్టింది. జర సేపటికి ఒక్క ఒర్రుడు ఒర్రింది, నేను వించ్ కాడికెంచి ఉరికొచ్చిన.

"అన్నా, సూడు! ఏందన్నా గిది!"

నీలం మంట గుండ్రంగ ఉంది. దాని సుట్టు ఇంకొకటి, పసుపుపచ్చగ, సన్నగ, వలయం. మెరుస్తంది. స్పిరిట్ మంటకు గట్ల రావొద్దట. ఏ పుస్తకంల లేదట. ఇరవై సార్లు ముందుకు ఎనకకు తిప్పింది. నవ్వుతంది, కండ్లెంబడి నీళ్ళు కారుతున్నయి. నేను పనిల చేరిన మూడేండ్లల్ల గా పిల్ల గట్ల నవ్వంగ సూడలే. నేను గుడ నవ్విన.

మల్లన్న విన్నడు. ఇంకేం రాయాలె?

అక్టోబర్ 10

కరెంటున్న గంటలల్లనే మూడు డ్రాపులు. మూడిట్ల వలయం వచ్చింది. ఆమె సారిసారికి సుక్కను చిన్నగ చేస్తంది, వలయం గుడ సారిసారికి సన్నగైతంది. "సుక్క సైజును బట్టే వస్తందన్నా!" అని గ్రాఫ్ గీసింది. గీత మస్తు సక్కగ దిగింది.

అవ్వకు చెప్పిన. మల్లన్నకు బోనం మొక్కింది.

అక్టోబర్ 11

ఒకటి అనిపిస్తంది. రాయబుద్ధయితలేదు.

అక్టోబర్ 13. గురువారం

బ్యాటరీ మార్చాలని పలక ఇప్పిన. చిటికెడు బండారి ఉండాలె గదా. లేదు. మూలలకు ఏదో జరంత అంటుకోని ఉంది. మూత తిప్పి సూసిన. మూత లోపటి దిక్కు పచ్చగ దుమ్ము ఉంది. వేలుతోని రాసిన. వేలు పచ్చగైంది.

కింద చల్లిన బండారి పైన మూతకెట్ల అంటుకుంటది?

ఎట్లేంది! కొక్కెం ఇడవంగనే డబ్బా ఒక్కసారి అదురుతది. నేల మీదైతె దుమ్ము మల్ల కిందనే పడ్తది. గీడ పడదు. పైకి తేలుతది, మంట సుట్టు చేరుతది, కాలుతది. మూడేండ్ల సంది గిదే పని చేస్తున్న, వచ్చినోళ్ళందరికి "లోపట దేనికీ బరువుండదు" అని గొప్పలు చెప్తున్న. బండారికి గుడ బరువుండదని నా మట్టి బుర్రకెందుకు తట్టలే?

సుక్క సైజు కాదు. బండారి అయిపోతున్నకొద్ది వలయం సన్నగైతంది.

ఏమో. గది బండారి కాకపోవచ్చు. తుప్పు గావొచ్చు. తుప్పు పచ్చగుంటదా? ఉంటదేమో.

అక్టోబర్ 14

తుడిసిన. పొడి గుడ్డతోని, తడి గుడ్డతోని, స్పిరిట్‌తోని. గా గుడ్డను ఇంటికి తెచ్చి తులసి చెట్టు మొదట్ల పెట్టిన. ముచ్చట ఒడిసింది. చెప్పవలసిందేం లేదు.

ఒకవేళ వలయం మంటదే అయితె రేపు గుడ వస్తది. అప్పుడు నా అనుమానం ఉత్తదే అని తేలుతది. గట్లనే కావాలె.

అక్టోబర్ 15

రైళ్ళు ఆపిన్రు, ఆటోలు లేవు. హిమజ రాలే. మంచిదే అయింది.

అక్టోబర్ 17. సోమవారం

రాలే.

రెండు డ్రాపులు ఇడిసినం. నీలం మంట, గుండ్రంగ, గంతే. హిమజ సుక్క పెద్దగ చేసింది, రాలే. చిన్నగ చేసింది, రాలే. కెమెరా సూసింది, తీగ మార్చింది, స్పిరిట్ సీసా కొత్తది తీసింది. "నేనేం తప్పు చేసినన్నా?" అన్నది. జర సేపటికి మల్ల అన్నది. నేను వించ్‌కు గ్రీజు పెడ్తున్నట్టు అటు తిరిగి కూసున్న. గ్రీజు మొన్ననే పెట్టిన.

ఇంటికి పోయేటప్పుడు చెప్పులు ఏసుకుంట ఇంకోసారి అన్నది. "అన్నా, నేనేం తప్పు చేసిన?" సర్వీస్ ఆటో దొరికేదాక నిలబడ్డ ఆమెతోని. ఆటో పైసలు నేనే ఇచ్చి పంపిన, చెప్పకుండ. నా నోట్లె మన్ను వడ.

అక్టోబర్ 18

చేసిన.

పొద్దుగాల ఆమె రాకముందే చేసిన. అవ్వ పొట్లంల ఇంకా ఉంది. ఎందుకు చేసిన్నో రాయరాదు. ఆమె ముఖం సూడలేకనే చేసిన. ఇంకేం లేదు. పోయినసారి మల్లన్న పేరు తీస్కోని చల్లిన, గీసారి నోరు రాలే.

కరెంటు రాలే. డ్రాప్ కాలే. తీసేద్దామా అని రెండు సార్లు పలక మీద చెయ్యి పెట్టిన. తియ్యలే.

అక్టోబర్ 19

వచ్చింది. పోయినసారికన్న లావుగ. చిటికెడు జర ఎక్కువైనట్టుంది.

హిమజ ఒర్రలే. స్క్రీన్ దిక్కు షానా సేపు సూసి "వచ్చింది" అన్నది. అలిసిపోయింది పాపం.

అక్టోబర్ 20

పరంధామయ్య సారు వచ్చిండు. వీడియో సూసి కుర్సీల కూసోలేకపోయిండు. ఇటు తిరుగుతడు, అటు తిరుగుతడు. "నాగేందర్, నీ చెయ్యి మంచిదయ్యా!" అన్నడు. ఫొటో కమిటీకి అప్పుడే మెయిల్ చేసిండు.

నా చెయ్యి దిక్కు సూసుకున్న. కడిగిన, అయినా గోర్లల్ల ఇంకా పచ్చగనే ఉంది.

అక్టోబర్ 24. సోమవారం

సమ్మె ఆపిన్రు. నాచారం రోడ్డు మీద మల్ల జనం, మల్ల లొల్లి. అందరూ ఎవ్వల పనికి ఆళ్ళు పోతున్నరు.

నేను గుడ నా పని చేస్తున్న. ఇడిసే ముందు ఒక చిటికెడు. కూరల ఉప్పేసినట్టు అలవాటైంది. ఛీ.

ఇప్పటికి ఎనిమిది వలయాలు.

అక్టోబర్ 25

ఒక లెక్కన సూస్తె వలయం అవద్దం కాదు. కెమెరాల పడ్డది. మంట సుట్టు ఏదో ఒకటి నిజంగనే మెరిసింది. దేవుని బండారి గదా. దేవుడు చేసిండని ఎందుకు అనుకోవద్దు?

దేవుడు చేస్తె చిటికెడు నేనెందుకు ఎయ్యాలె?

దిమాక్ ఖరాబైతంది.

అక్టోబర్ 27

నిన్న దీపావళి. ఇయ్యాల పొద్దుగాల అవ్వ వాకిట్ల కూసోని సిక్కుడుకాయ తెంపుతంది. పక్కన పోయి కూసున్న. "అవ్వా, నువ్విచ్చిన బండారితోని గా పిల్లకు మంచైంది. గని గది మంచి కాదు" అన్న.

"సక్కగ చెప్పురా."

సక్కగ చెప్పిన. అవ్వ సదువుకోలే, డబ్బా ఎప్పుడూ సూడలే, గని అంతా విన్నది. మధ్యల ఒక్కసారి ఆపింది. "అంటె నువ్వు బండారేసి, ఆమెతోని మంటనే గట్లుందని చెప్పిస్తున్నవా?"

"నేను చెప్పిస్తలేనవ్వా. ఆమెనే అనుకుంటంది."

"నువ్వు గమ్మునుంటె చెప్పిచ్చినట్టు కాదారా?"

"నువ్వే గదనే డబ్బా కడుపుల పెట్టుమన్నవ్!"

అవ్వ సిక్కుడుకాయలు చాటల పడేసింది. ముఖమంత ఎర్రగైంది. "దండం పెట్టుకోమన్న బిడ్డా. దొంగతనం చేయుమన్ననా? గా పిల్ల రేపు పెద్దమనుషుల ముంగట నిలబడ్తది. ఎవ్వలన్న పట్టుకుంటె ఇజ్జత్ ఎవ్వలిది పోతది, నీదా ఆమెదా?"

గిది నేను ఆలోచించలే. నిజంగ ఆలోచించలే. నాకు నేను మంచోన్ని లెక్కనే కనవడ్తుంటి.

అక్టోబర్ 28

చెప్పాల్నని పోయిన. ఆమె సుట్టు సారు తిరుగుతుండె. చెప్పలే.

అక్టోబర్ 29

కుదర్లే.

కుదరకపోవుడేంది, మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నం. టిఫిన్ డబ్బాల పులిహోర తెచ్చి నాకు పెట్టింది. తిన్న. చెప్పలే.

అక్టోబర్ 31. సోమవారం

చెప్పిన.

సారు ఉప్పల్ దిక్కు ఏదో పని మీద పోయిండు. హిమజ కంప్యూటర్ ముంగట కూసోని కమిటీకి సూపిచ్చే బొమ్మలు తయారు చేస్తంది. నేను పోయి ఎనక నిలబడ్డ. "హిమజమ్మా, గా పచ్చ వలయం మంటది కాదు. నేను లోపట బండారేసిన, మల్లన్న బండారి. గదే కాలుతంది" అన్న.

ఆమె ఎనకకు తిరగలే. మౌస్ మీదికెంచి చెయ్యి తీసి ఒళ్ళె పెట్టుకుంది.

"మొదలు పూజకని ఏసిన. నలభై ఏడుకు ముందు. గట్లైతదని నాకు తెల్వదు, అవ్వ మీదొట్టు. తెలిసినంక తుడిసిన. అందుకే పదిహేడున రాలే. అటెన్క నువ్వు తల్లడిల్లుతుంటె సూడలేక మల్ల ఏసిన. అప్పటికెంచి అన్నిట్ల నేనే."

"తెలుసన్నా."

నాకు సమజ్ కాలే. "ఏం తెలుసు?"

అప్పుడు తిరిగింది. "నలభై ఏడు అయినంక మూత తీసింది నేనే గదా. పసుపు మాడిన వాసన వచ్చింది. పదేండ్ల వయసు నుంచి పొయ్యి కాడ వంట చేసినదాన్ని, గా వాసన నాకు తెల్వదా? అటెన్క వీడియోల వలయం సూసిన. వాసన మర్చిపోయిన. మర్చిపోయిన్నని నాకు నేనే చెప్పుకున్న. పదిహేడున వాసన లేదు, వలయం లేదు. పంతొమ్మిదిన రెండూ వచ్చినయి. అప్పుడు పక్కాగ తెలిసింది, నువ్వే ఏస్తున్నవని."

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితె నువ్వు చెప్తవు గదన్నా."

నేను గోడకు ఆనుకున్న. పదమూడు దినాల సంది నేను ఆమెను మోసం చేస్తున్నననుకోని సస్తున్న. ఆమె నా మోసాన్ని భద్రంగ కాపాడుతంది. ఎవ్వలు ఎవ్వలను మోసం చేసినట్టు? ఎంత తిప్పి సూసినా తెలుస్తలేదు.

"నువ్వు గమ్మునుంటె నేను గుడ గమ్మునే ఉంటుంటి" అన్నది. "కమిటీ ముంగట నిలబడి చెప్పేస్తుంటి. నాకు తెల్వదు, నాకేం తెల్వదు అనుకోని ధైర్యంగ చెప్తుంటి. ఇప్పుడు నువ్వొచ్చి మాటతోని చెప్పినవ్. ఇప్పుడు నేనేం చేయాలె? ఎందుకు చెప్పినవన్నా?"

గట్టిగ అరిసింది. నా మీద ఆమె ఎప్పుడూ అరవలే. అరిసి, టేబుల్ మీద తల పెట్టి ఏడ్సింది. నేను తప్పు ఒప్పుకునేతందుకు పోయిన, ఒప్పుకున్నదే తప్పైంది. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టిన. తాగలే.

నవంబర్ 2

ఆమె రాలే.

నవంబర్ 3

వచ్చింది. నాతోని మాట్లాడలే, సీదా సారు రూంలకు పోయింది. తలుపు ఏసి ఉంది, అయినా సారు గొంతు టవర్ దాక వినవడ్డది. ఫొటో కమిటీకి పోయింది గదమ్మా అంటుండు. పోనీ వలయం ముచ్చటే ఎత్తకు, ఆళ్ళు అడిగితె ఇంకా సూస్తున్నమను అంటుండు. ఆమె ఏమన్నదో వినరాలే.

బయటికొచ్చి నా కాడికొచ్చింది. "పలక ఇప్పన్నా. మంచిగ కడుగుదాం" అన్నది. ఇద్దరం కూసోని డబ్బాను ముక్క ముక్కగ ఇప్పి కడిగినం. మూడు గంటలు పట్టింది.

నవంబర్ 5

కడిగిన డబ్బాతోని ఐదు డ్రాపులు. నీలం, నీలం, నీలం, నీలం, నీలం.

నవంబర్ 9

"పసుపు దుమ్ము బరువు లేకుండ ఎట్ల కాలుతదో, గదే కొత్త ముచ్చట కాదా?" అని అడిగిన. షానా ఆలోచించే అడిగిన.

"అవుతదన్నా. దుమ్ము ఎంత ఏసినమో, ఏ సైజో, ఎప్పుడు ఏసినమో అన్నీ రాసి పెట్టి చేస్తె అవుతది. రెండేండ్ల పని" అన్నది. అటెన్క అన్నది: "నువ్వు చిటికెడు అంటున్నవ్. చిటికెడు అంటె ఎంతన్నా?"

వేళ్ళు దగ్గర పెట్టి సూపిచ్చిన. ఆమెకు నవ్వొచ్చింది. మొన్న అరిసినంక గదే మొదలు నవ్వుడు.

నవంబర్ 13

ఇయ్యాల అవ్వ బోనం ఎత్తుత అన్నది. ఎందుకవ్వా, ఏం గెలిసినమని అన్న. మొక్కు మొక్కే అన్నది.

రేపు నాకు పనేం లేదు, ప్రొజెక్టర్ పెట్టుడే. అయినా వైర్లు రెండు సార్లు పెట్టి సూసుకున్న.

నవంబర్ 14. సోమవారం

కమిటీ పదింటికి వచ్చింది, ముగ్గురు. జనార్ధనరావు గారని పెద్దాయన, మిగిలినోళ్ళు ఇద్దరు. సారు ఆళ్ళకు టవర్ సూపిచ్చి హాల్‌లకు తోల్కొచ్చిండు. నేను హాల్‌ల ప్రొజెక్టర్ పక్కన స్టూలు ఏసుకున్న.

హిమజ లేసి నిలబడ్డది. అర్ధగంట నీలం మంట గురించి చెప్పింది. జనార్ధనరావు గారు కాయితాలు తిరగేసుకుంట, "మీ సారు పంపిన ఫొటోల ఒక పచ్చటి వలయం ఉంది. మేము వచ్చిందే దాని కోసం. అదెక్కడమ్మా?" అన్నడు.

సారు బూట్ల దిక్కు సూస్తుండు.

"అది మంటది కాదు సర్. డబ్బాల బయటి పసుపు పడ్డది. పడేటప్పుడు తేలి కాలింది. నలభై ఏడు నుంచి వచ్చిన వలయాలన్నీ కొట్టేసిన" అన్నది.

"అంటే మీ దగ్గర కొత్త ఫలితం లేదు."

"లేదు సర్."

"దీని మీద మీ గడువు ఆధారపడి ఉందని తెలుసు కదా?"

"తెలుసు సర్."

పెద్దాయన కండ్లద్దాలు తీసిండు. "పసుపు దానంతటది వచ్చి పడదు. ఎవరు వేశారు?" అన్నడు.

నా పేరు చెప్తదనుకున్న. చెప్పాలె గుడ. చెప్పేది ఆమెకెందుకు, నేనే చెప్తనని స్టూలు మీదికెంచి లేసిన. నోరు తెరిసిన.

హిమజ నా దిక్కు సూడనన్న సూడలే.

"మేమిద్దరం సర్" అన్నది.

ఏసిన చెయ్యి నాదొక్కనిదే. అవద్దం చెప్పిందా, నిజం చెప్పిందా? కాదు సర్ అందామంటె ఆమె మాట పోతది, అనకుంటె నా తప్పు సగం ఆమె మీద పడ్తది. కూసోవాల్నో, మాట్లాడాల్నో తెల్వక, గా ముగ్గురి ముంగట నోరు తెరుసుకోని గట్లనే నిలబడ్డ.